నాయనమ్మ నడకకు తగిన యాత్ర

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు మొదలై, బతుకమ్మల ఆటపాటలను, బొమ్మల కొలువులను ముగించుకొని, దీపావళి దివ్వెలను దాటి, కార్తిక సోమవారములను, మార్గశిరపు చలిని, ముక్కోటి ఏకాదశిని వరుసగా గడపి, భోగిమంటల వెచ్చదనమున విశ్రమించునట్టి ఈ నాలుగు మాసముల కాలము తెలుగువారి యిండ్లలో ప్రయాణముల కాలము. వేసవి సెలవులు ఇంతకంటె దీర్ఘములే యైనను, వడగాలికి వెరచి వృద్ధులను గడప దాటింపరాని ఆ దినములలో కుటుంబమంతయు కలసి చేయగల యాత్రలు తక్కువ. దసరా, క్రిస్టమసు, సంక్రాంతి అను మూడు చిన్న విరామములలోనే తాతమనుమలు ఒకే బండి యెక్కి, ఒకే పంక్తిని భుజించి, ఒకే కొండను చూడగలుగుదురు. ఇంతటి అరుదైన కాలమును తొందరపాటుతో పాడుచేసికొని, వెళ్ళినప్పటి ఉత్సాహమునకు మారుగా జ్వరములను, పరస్పర నిష్ఠూరములను వెంటబెట్టుకొని తిరిగివచ్చు కుటుంబములను చూచినప్పుడెల్ల నా మనస్సు నొచ్చుకొనును. ఆ నొప్పియే ఈ వ్యాసమునకు కారణము.

మన యిండ్లలో యాత్రాసంకల్పము సాధారణముగా ఒక స్థలము పేరుతో మొదలగును. ఒకరు అరకు అందురు, మరియొకరు కాశి అందురు. స్థలము స్థిరపడిన పిమ్మట తేదీలు, తేదీల పిమ్మట టికెట్లు, టికెట్లు చేతికి వచ్చిన పిమ్మట ఎవరికో ఒకరికి నాయనమ్మ మోకాళ్ళు జ్ఞప్తికి వచ్చును. అప్పటికి చేయదగినది ఏమియు మిగిలియుండదు. ఆమె యింటనుండిపోవుటయో, లేక అందరి వెనుకను అడుగులు లెక్కించుకొనుచు తాను ఇతరులకు భారమైతినని లోలోపల కుములుటయో జరుగును. నా మనవి యేమనగా ఈ క్రమమును తిరుగవేయవలెను. కుటుంబములో అందరికంటె మెల్లగా నడచువారు ఎవరు, అందరికంటె ముందు ఆకలిగొనువారు ఎవరు, ఎవరికి ఏ వేళకు ఏ మందు, ఎవరికి మధ్యాహ్నము కొంచెము నడుము వాల్చనిదే సాయంకాలము గడవదు అనునవి మొదట విచారించి, ఆ విచారణకు లోబడి దినములను, బండిని, బసను, చిట్టచివర స్థలమును నిర్ణయింపవలెను. మెల్లగా నడచువారికి సుఖమైన యాత్ర వేగముగా నడచువారికి కష్టము కాజాలదు. దీనికి విపర్యయమైనది మాత్రము నిత్యము జరుగుచున్నది.

పిమ్మట ఋతువు. శరత్తనగానే నిర్మలాకాశమును, తేటపడిన నదులను, పిండారబోసినట్టి వెన్నెలను వర్ణించుట మన కవులకు పరిపాటి; అయితే తూర్పు సముద్రతీరమున వసించు మనకు ఈ ఋతువే తుపానుల ఋతువు కూడ. దివిసీమను ముంచివేసిన ఉప్పెన 1977 నవంబరు 19వ తేదీది. విశాఖపట్టణమును ఛిన్నాభిన్నము చేసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరము దాటినది. మిచౌంగ్ బాపట్ల వద్ద తీరమెక్కినది 2023 డిసెంబరు 5న. నైరృతి వానలు వెనుదిరిగిన తరువాత ఈశాన్య ఋతుపవనము ప్రవేశించి నెల్లూరు, తిరుపతి ప్రాంతములలో కార్తికమంతయు వానలు కురిపించుచుండును. కావున దసరా సెలవులలో సముద్రతీరమునకు పోదలచినవారు, పోవద్దని నేననను గాని, బసకు కట్టిన ధనము తిరిగివచ్చు షరతు ఉన్నదో లేదో ముందుగా విచారించుకొని, బయలుదేరుటకు వారము దినముల ముందునుండి వాతావరణశాఖవారి ప్రకటనలను చూచుచుండి, అల్పపీడనమని విన్ననాడే మనస్సును మరలించుకొను సిద్ధతతో నుండవలెను. బండిని రైల్వేవారే రద్దుచేసినచో రుసుము పూర్తిగా తిరిగివచ్చును. డిసెంబరు నడిమి భాగమునుండి సంక్రాంతి వరకు తీరదేశము చాలవరకు ప్రశాంతమై, ఎండ సుఖమై, గాలి చల్లనై యుండును. సముద్రమును చూడనెంచినవారికి ఈ కాలము యుక్తము. దసరాకు లోనాడులు మేలు.

గోదావరిపై పాపికొండల విహారమునకును ఇదే న్యాయము. వరద తగ్గక మునుపే పడవ యెక్కవలెనను ఆత్రము ఎంతటి అనర్థమునకు దారితీయునో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద మునిగిన పడవ మనకు తెలిపినది. ఆనాడు ఎన్ని కుటుంబములు తమవారిని కోల్పోయినవో తలచుకొన్నచో, ఒక నెల వేచియుండుట ఏపాటి కష్టమని తోచును. ఏరు తేటపడి, ప్రవాహము నెమ్మదించిన నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు గల కాలమునే ఎన్నుకొని, పడవలో ప్రతివారికి, ముఖ్యముగా పిల్లల దేహమునకు సరిపోవునట్టి రక్షణ జాకెట్టు ఉన్నదని కంటితో చూచుకొనిన తరువాతనే కాలు మోపవలెను.

ఇక రైలు. రిజర్వేషను వ్యవధి 2024 నవంబరు 1నుండి నూటయిరువది దినములకు బదులు అరువది దినములైనది. ఈ మార్పు కుటుంబములకు ఒక విధముగా మేలు చేసినదనియే నా నమ్మకము. నాలుగు నెలల తరువాతి సంగతి ఏ యింటిలో ఎవరికి తెలియును? రెండు నెలల ముందైనచో పిల్లల పరీక్షల తేదీలు, ఉద్యోగుల సెలవులు, పెద్దల వైద్యపరీక్షలు ఇంచుమించు నిశ్చయమై యుండును. అయితే వ్యవధి తగ్గినకొలది పోటీ పెరిగినది. పండుగ దినముల బండ్లు రిజర్వేషను తెరచిన కొన్ని నిమిషములలోనే నిండిపోవును. తత్కాలు టికెట్లపై ఆధారపడి కుటుంబమును బయలుదేరదీయుట నాకు సమ్మతము కాదు. ఒంటరివానికి అది సాహసము కావచ్చును. చంటిబిడ్డ తల్లికి అది అనవసరమైన పరీక్ష.

రైల్వేవారి నియమములలో కుటుంబములకు మిక్కిలి ఉపకరించు ఒక సూక్ష్మము కలదు. నలుబదియైదేండ్లు నిండిన స్త్రీలకు, అరువదియేండ్లు నిండిన పురుషులకు క్రింది బెర్తులలో కొన్ని ప్రత్యేకముగా కేటాయింపబడియున్నవి; అయితే ఆ సౌకర్యము అట్టివారు ఒంటరిగానో, అట్టివారే ఇద్దరు కలసియో ఒక టికెట్టుపై ప్రయాణించునప్పుడు మాత్రమే వర్తించును. అందరము కలసి పోవుచున్నాముకదా అని తాతయ్యను, నాయనమ్మను పిల్లలతోబాటు ఒకే టికెట్టులో చేర్చినచో ఆ కేటాయింపు వారికి అందదు. అర్ధరాత్రివేళ పైబెర్తు యెక్కజాలక, ఎవరో అపరిచితుని బ్రతిమాలవలసి వచ్చును. వారిద్దరికి వేరుగ టికెట్టు తీయుటయే ఉచితము. ఒక టికెట్టుపై ఆరుగురికి మించి చేర్చుటకు వీలులేదు గనుక పెద్ద కుటుంబములు ఎటులైనను రెండుగా విడిపోక తప్పదు. విడిపోవునదేదో ఈ రీతిగా విడిపోవుట లాభము. అయిదేండ్లు నిండి పన్నెండేండ్లు నిండని పిల్లలకు సగము రుసుమిచ్చినచో ప్రత్యేకముగా బెర్తు లభింపదు. పూర్తి రుసుమిచ్చినచో లభించును. రాత్రి ప్రయాణములో ఈ పొదుపు తల్లి నిద్రను హరించునట్టిది గనుక, దీనిని పొదుపుగా నేను లెక్కింపను.

ఈ విచారణనంతయు ఒక స్థలమునకు అన్వయించి చూతము. శీతకాలమున తెలుగు కుటుంబములు మొదట తలచునది అరకులోయ. విశాఖపట్టణమునుండి ఇంచుమించు నూటపదునైదు కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు తొమ్మిదివందల మీటర్ల యెత్తున నున్న ఈ లోయకు ఉదయమున విశాఖలో బయలుదేరు కిరండూలు బండిలో పోవుటయే ఒక విహారము. బైలదిలా గనుల ఇనుపరాతిని సముద్రతీరమునకు చేర్చి జపానుకు పంపుటకై 1960ల దశకమున నిర్మింపబడిన ఈ మార్గము కొత్తవలస దాటిన పిమ్మట కొండలను చుట్టుకొనుచు, యేబదికి పైబడిన సొరంగములలో దూరుచు, లోయల అంచులను ఒరయుచు పైకెక్కును. అద్దపు పైకప్పుగల విస్టాడోము పెట్టెను 2017లో ఈ బండికి చేర్చిరి. ఘాటురోడ్డు మలుపులలో వాంతులు చేసికొను పిల్లలకును, కారులో గంటలకొలది మోకాళ్ళు ముడుచుకొని కూర్చుండజాలని పెద్దలకును రైలు ఎంతయో నయము. రోడ్డుననే పోవలసివచ్చినచో మలుపులు మొదలగుటకు అరగంట ముందే వైద్యుడు చెప్పిన మాత్రను పిల్లలకు వేసి, అనంతగిరి కాఫీతోటలవద్ద తప్పక ఆగవలెను.

నవంబరు, డిసెంబరు నెలలలో అరకు పొలములు వలిసెపూలతో పసుపు పరచుకొనును; కాఫీచెట్లపై పండ్లు ఎర్రబారి కోతకు వచ్చును. ఈ రెండింటిని చూచుటకు ఎవరును ఎక్కడికిని పరుగెత్తనక్కరలేదు. బసచేసిన చోటినుండి పది అడుగులు వేసినను కనబడును. పరుగులు మొదలగునది వేరొకచోట. అరకు వచ్చినవారు బొర్రా గుహలను, పాడేరు దగ్గరి వంజంగి కొండపైనుండి కనబడు మేఘసముద్రమును, చింతపల్లి మండలపు లంబసింగి మంచును రెండు దినములలో ముగింపవలెనని సంకల్పింతురు. లంబసింగి అరకునకు ప్రక్క వీథి కాదు. నర్సీపట్నము మీదుగా పోవు వేరొక త్రోవది. అచ్చటి మంచును చూచుటకు తెల్లవారకముందే చేరియుండవలెను. వంజంగికి చీకటిలోనే కొండయెక్కవలెను. అనగా రెండు రాత్రులు నిద్రలేదు, మూడవనాడు ఘాటురోడ్డు. యువకులు చేయుదురు గాక. కుటుంబముతో వచ్చినవారు వీనిలో ఒక్కదానిని ఎన్నుకొని తక్కినవానిని మరియొక సంవత్సరమునకు విడిచిపెట్టవలెను. విడిచిపెట్టుటయే ముందాలోచనలో కష్టతరమైన భాగము. దానిని ఇంటివద్ద, నింపాదిగా కూర్చుండి చేసినచో త్యాగమని తోచదు; దారిలో, అలసిపోయి, వాదులాడి చేసినప్పుడే అది నష్టమని తోచును.

బొర్రా గుహలలో మెట్లు అనేకములు. తడిసి జారునవియు కలవు. ఈ సంగతి నాయనమ్మతో ఇంటివద్దనే స్పష్టముగా చెప్పవలెను. “నీవు రాలేవు” అనుటకంటె, “అమ్మా, మేము గుహలోనికి దిగి వచ్చునంతవరకు నీవును చిన్నదియు పైన నీడను కూర్చుండి వేడివేడి జొన్నపొత్తులు తినుచుండుడు, తరువాత నీకు గిరిజన మ్యూజియము చూపుదుము” అని ఆమె వంతు ఆనందమును ముందే యేర్పరచినచో, ఆమె కూడ యాత్రలో భాగస్వామినియై యుండును. చలి సంగతి వేరుగ చెప్పవలెను. సముద్రతీరపు ఇండ్లలో ఉన్నిబట్టలు ఉండవు. ఉన్నవి పిల్లలకు పొట్టియై యుండును. రాత్రులందు లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు చేరువగా దిగు దినములు కలవు. చెవులు కప్పు టోపీలను, పెద్దలకు మేజోళ్ళను, మందపాటి శాలువలను దీపావళి వెళ్ళిన వెంటనే ఎండలో ఆరవేసి సరిచూచుకొన్నచో, బయలుదేరు రాత్రి అంగళ్ళవెంట తిరుగు శ్రమ తప్పును. బస విషయములో పర్యాటక సంస్థవారి హరిత అతిథిగృహములైనను, ప్రైవేటు హోటళ్ళైనను, డిసెంబరు శనాదివారములకు ముందుగానే నిండును. వీలైనచో మంగళ, బుధ, గురువారములను ఎన్నుకొనుడు. లోయ అదే, మంచు అదే, జనసమ్మర్దము మాత్రము సగముండదు. గది అడుగునప్పుడు క్రింది అంతస్తు, పాశ్చాత్యరీతి మరుగుదొడ్డి, వేడినీరు వచ్చు వేళలు అను మూడింటిని పేర్కొని అడుగవలెను.

దూరయాత్రలకు పూర్వులు ఎంత ముందుచూపుతో నడచిరో తెలిసికొనగోరువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రాచరిత్రను తిరుగవేయవలెను. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఆయన 1830 మే 18న పరివారముతో బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా చూచుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను; దారిపొడవునను ఏ మజిలీలో ఏ పదార్థము దొరకును, త్రోవ యెట్టిది, నీటి వసతి యెట్టిది అని తన వెనుక వచ్చువారికై వ్రాసియుంచెను. హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురము, ప్రయాగ అను ఆయన త్రోవనే నేడు సికింద్రాబాదునుండి దానాపురము బండి ఒక పగలు ఒక రాత్రి మించిన కాలములో నడచుచున్నది. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్రచేయవలెనను ఆచారము మనవారికి కలదు. ఆంధ్రాశ్రమము వంటి బసలకు ముందుగా తెలుపుకొనవలెను. కార్తిక పూర్ణిమనాటి దేవదీపావళి కన్నులపండువే గాని ఆనాడు ఘట్టములపై అడుగిడుటకు చోటుండదు. పూర్ణిమ వెళ్ళిన వారమునకు పోవుట వృద్ధులకు మేలు. డిసెంబరు ఉత్తరార్ధమునుండి జనవరి అంతము వరకు గంగామైదానమున దట్టమైన పొగమంచు క్రమ్మి బండ్లు గంటలకొలది ఆలస్యమగును. అట్టి కాలమున ఒక బండి దిగి వెంటనే మరియొక బండి యెక్కునట్లు టికెట్లు తీయుట తగదు, నడుమ ఒక పూట విడువవలెను. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణము మానుకొనదలచినచో, అది బయలుదేరక మునుపే దరఖాస్తు చేసికొన్నవారికి రుసుము తిరిగి లభించును.

తిరుమల సంగతి రెండు మాటలలో చెప్పెదను. మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశదర్శన టికెట్లును, అరువదియైదేండ్లు నిండినవారికి ఉద్దేశించిన దర్శనపు కోటాయు ఇంచుమించు మూడు నెలల ముందుగానే విడుదలయగుచున్నవి. అయితే బ్రహ్మోత్సవ దినములలో వృద్ధులకు, చంటిబిడ్డల తల్లులకు గల ప్రత్యేక సౌకర్యములను నిలిపివేయుట దేవస్థానమువారి వాడుక. ముసలితల్లిని తీసికొనిపోవువారు ఉత్సవవైభవమును టెలివిజనులో చూచి, స్వామిని తరువాత దర్శించుకొనుట మంచిది.

ఇంతవరకు చెప్పినది బయటి ఏర్పాటు. ఇంటిలోపలి ఏర్పాటును గురించి నేను మరింత గట్టిగా చెప్పదలచితిని. ప్రయాణపు ముందునాటి రాత్రి మన యిండ్లలో జరుగునది అందరికి తెలిసినదే: తక్కినవారు పెట్టెలు మూసి పండుకొందురు, ఇల్లాలు మాత్రము పులిహోర కలుపుచు, చపాతీలు కాల్చుచు, పాలవానికి చెప్పితినా, తులసికి నీరు పోయువారెవరు అని తలపోయుచు అర్ధరాత్రి దాటినంతవరకు మేలుకొని, తెల్లవారి అందరికంటె ముందు లేచి, బండిలో కూర్చున్నది మొదలు అందరికి వడ్డించుచుండును. విహారము పేరుతో ఆమె వంటయిల్లే చక్రములపై కదలినదగును. ఒక కుటుంబము విశ్రాంతికై బయలుదేరినదని చెప్పవలెనన్నచో ఆమె విశ్రాంతి అందులో మొదట లెక్కకు రావలెను.

దీనికి మార్గము లేకపోలేదు. సున్నుండలు, కారప్పూస, కందిపొడి వంటి నిలువయుండు పదార్థములను పది దినములు ముందుగా, ఇంటిలో అందరు చేయివేసి చేసికొనవచ్చును. పులిహోర ఒక్క పూటకు మించి మోయనక్కరలేదు, తక్కిన పూటలకు స్టేషనులలోని ఇడ్లీ చాలును. మందుల బాధ్యత ఒకరిది: ప్రయాణ దినములకు మించి మూడు నాలుగు దినములకు సరిపడు మందులను, వైద్యుని చీటితో సహా, పెట్టెలో కాక చేతిసంచిలో ఉంచవలెను. గుర్తింపుకార్డులు, టికెట్లు, ధనము మరియొకరివి. గ్యాసు సిలిండరు కట్టుట, పాలు, పత్రిక నిలుపుట, పొరుగువారికి తాళపుచెవి యిచ్చుట, ఇల్లు తాళము వేసి పోవుచున్నామని ఠాణాలో తెలుపుట వేరొకరివి. పదేండ్ల పిల్లవానికి కూడ ఒక పని యుండవలెను. తన సంచి తానే సర్దుకొన్న బాలుడు దారిలో తన వస్తువు పోయినదని తల్లిపై అరవడు. ఈ పంపకమును కాగితముపై వ్రాసి వంటయింటి గోడకు అంటించినచో, “నాకు తెలియదు” అను మాటకు తావుండదు. ధనము విషయముకూడ ఇప్పుడే మాటలాడుకొనవలెను. అన్నదమ్ముల కుటుంబములు కలసి పోవునప్పుడు ఎవరు దేనికి ఇచ్చునది ముందే నిర్ణయించుకొనకపోవుటచేత, యాత్రలో దాచుకొనిన అసంతృప్తి పిమ్మట పెండ్లిపందిళ్ళలో బయటపడుట మనము చూడనిది కాదు.

అమెరికానుండి డిసెంబరు సెలవులకు పిల్లలతో వచ్చువారిని గురించి ఒక మాట. వారికి దొరకు రెండు మూడు వారములలో మొదటి నాలుగైదు దినములు పగలు నిద్ర, రాత్రి మెలకువలతో గడచును. ఆ దినములలో తిరుపతియు, బంధువుల యిండ్లును పెట్టుకొనక, అమ్మమ్మ యింటిలో ఊరక ఉండనీయుడు. ఆ ఊరకుండుటలోనే వారు అమ్మమ్మ భాషను నేర్చుకొందురు.

సంక్రాంతికి హైదరాబాదునుండి కోస్తా జిల్లాలకు కారులో పోవువారికి విజయవాడ రహదారియే ప్రధానమగుటచే, పండుగకు ముందు రెండు దినములు పంతంగి టోలుగేటు వద్ద వాహనములు బారులు తీరును. భోగికి నాలుగు దినములు ముందు బయలుదేరగలవారు అదృష్టవంతులు. బయలుదేరలేనివారు పిల్లలకు దారిలో త్రాగునీరు, ఫాస్టాగులో చాలినంత నిలువ, బండిలో నిండుగ ఇంధనము చూచుకొని, తెల్లవారుజాము పొగమంచులో మాత్రము బండి నడపక, సూర్యుడు వచ్చిన తరువాతనే కదలవలెను. వేగిరపాటున అరగంట కలసివచ్చుట యెంత, ఆ మంచులో ఆగియున్న లారీ కనబడకపోవుట యెంత.

రైలులో పోదలచినవారికి లెక్క సులభము. జనవరి 12వ తేదీన బండి యెక్కువారికి రిజర్వేషను నవంబరు 13న ఉదయము ఎనిమిది గంటలకు తెరవబడును. 18వ తేదీన తిరిగి రావలసినవారికి నవంబరు 19న. మొదటి తేదీని అందరును గుర్తుంచుకొందురు, రెండవదానిని మరచిపోవుదురు. అందుచేతనే తిరుగు ప్రయాణములో వెయిటింగు లిస్టు చేతపట్టుకొని స్టేషనులో నిలుచుండువారు అంతమంది. ఈ రెండు తేదీలను నేడే కాలెండరుపై వ్రాసికొనుడు. తిరుగు తేదీని నిర్ణయించునప్పుడు పాఠశాల తెరచు దినమునకు ముందునాటి రాత్రి కాక, ఒక పూర్తి పగలు ఇంటివద్ద మిగులునట్లు చూచుకొన్నచో, బట్టలు ఉదుకుటకును, పిల్లలు నిద్రపోవుటకును, ఇల్లాలు ఒక్క పూట వంట లేక కూర్చుండుటకును వీలుండును.